రేకు చేతుల్లో మొదటి తాంబూలం

మరమనుషుల మీద కథలు రాసినవాళ్లందరూ బయట నిలబడి రాసినవాళ్లే. నేను లోపల నిలబడినవాణ్ని. అందుచేత ఈ విషయం మీద నాలుగు మాటలు రాసే హక్కు నాకుందని అనుకుంటాను. ఎవరి జాలీ కోరి రాయడం లేదు. జాలి పుచ్చుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు.

మాది విడవలూరుకు తూర్పున, సముద్రపు హోరు ఇంట్లోకి వినబడే ఊరు. మా తాతగారి కాలంలో ఊరి మాగాణి మొదలు ఇసుక దిబ్బల దాకా మాదే. ఇనాములూ ఎస్టేట్లూ పోయిన రోజుల్లో కొంత చట్టం తీసుకుంది, కొంత కోర్టు వ్యాజ్యాలు తిన్నాయి, మిగిలింది మా నాయన పట్టింపు తిన్నది. నాకు మీసాలు వచ్చేసరికి ఇల్లు కూడా పోయింది. దాన్ని కొన్నాయన బియ్యం మిల్లు పెట్టి, ఆ తర్వాత పంచాయతీ ప్రెసిడెంటు అయ్యాడు. మేము రోడ్డు పక్కన రెండు గదుల్లోకి మారాం. మారిన రోజున మా నాయన ఆ కొత్త గోడకు వీపు ఆనించకుండా, గది మధ్యలో చాప వేసుకుని నిటారుగా కూర్చున్నాడు. నాకు తెలిసినంతలో ఆయన ఎప్పుడూ దేనికీ ఆనుకోలేదు. నన్నూ ఆనుకోనివ్వలేదు. అన్నం దగ్గర నా నడుం కాస్త వంగితే ఏమీ అనేవాడు కాదు. తినడం ఆపి, నేను సర్దుకునేదాకా చూసేవాడు.

అన్నీ పోయాక మాకు మిగిలింది ఒక్కటే. ఎండాకాలంలో జరిగే అమ్మవారి తిరునాళ్లలో మొదటి తాంబూలం మా ఇంటిది. అమ్మవారు కూర్చున్న నేల మా పూర్వీకులు ఇచ్చింది కాబట్టి ఆ మర్యాద. సాయంత్రం, సముద్రం మీద వేటకు పోయే పట్టపువాళ్లు అమ్మవారి పల్లకిని భుజాలకెత్తి సముద్రానికి తీసుకుపోతారు. ఎత్తే ముందు పూజారి ఇత్తడి పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, కొబ్బరిచిప్ప పెట్టి మా నాయన ముందుకు వస్తాడు. ఆయన ఉత్తరీయాన్ని రెండు చేతుల మీద పరిచి అందుకుని కళ్లకద్దుకుంటాడు. అది అయితేనే పల్లకి లేస్తుంది. ఏడాదంతా రోడ్డు పక్క గదుల్లో ఉండే మనిషి ఆ కాసేపు తన పాత ఎత్తుకు లేచేవాడు. ఆ కాసేపటి కోసం మిగతా ఏడాది బతుకుతున్నాడని మా అమ్మకూ నాకూ తెలుసు. ఆ మాట మేము ఎప్పుడూ పైకి అనుకోలేదు.

నేను నెల్లూరులో పాలిటెక్నిక్‌లో చేరి మధ్యలో మానుకున్నాను. మానుకున్న తర్వాత కూడా ఊరికి రాకుండా కొంతకాలం మోటారు వైండింగు షాపుల్లో పని నేర్చుకుంటూ, సాయంత్రాలు రీడింగు రూములో కూర్చునేవాణ్ని. మరమనుషులు నాకు పరిచయమైంది అక్కడే. అప్పటి పత్రికల్లో వాళ్ల కథలు తరచుగా వచ్చేవి. అన్నింటిలోనూ ఒకటే వరస. ఒక శాస్త్రవేత్త ఇనుముతో మనిషిని చేస్తాడు. అది చెప్పినట్టు వింటుంది. ఒకరోజు వినడం మానేస్తుంది. కథ చివర అది తగలబడనైనా తగలబడుతుంది, యజమాని పీక అయినా పిసుకుతుంది. ఆ కథలు నాకు అంతగా రుచించేవి కావు. నాకు నచ్చింది ఒక విదేశీ పత్రికలో చూసిన ఫోటో. ఏదో కార్ఖానాలో, తల లేదు, కాళ్లు లేవు, ఒట్టి ఇనుప చేయి. ఎర్రగా కాలిన ఇనుప ముద్దను పట్టి ఇక్కడి నుంచి తీసి అక్కడ పెడుతోంది. పక్కన టై కట్టుకున్నవాళ్లు చూస్తున్నారు. ఆ చేతిని నేను చాలాసేపు చూశాను. నువ్వు ఎవరి అబ్బాయివి అని అడగనిది, నాకు తెలిసిన లోకంలో యంత్రం ఒక్కటే.

అలాంటి రోజుల్లో నెల్లూరుకు ఒక ఎగ్జిబిషన్ వచ్చింది. రంగులరాట్నం, మోటారు సైకిలు బావి, రెండు తలల దూడ, వీటన్నిటికీ పైన మరమనిషి. గుడారం మీద పెద్ద అక్షరాలతో బోర్డు: ‘అమెరికా దేశపు మరమనిషి. నడుచును, మాట్లాడును, సిగరెట్టు త్రాగును.’ యజమాని మద్రాసు మనిషి. తెలుగు బాగానే మాట్లాడేవాడు, మధ్యలో అరవం పడేది. ఆయనకు జనరేటరూ దీపాలూ చూసే మనిషి కావాలి. నేను చేరాను. మా నాయనకు ఉత్తరం రాస్తే, ‘కరెంటు పని మంచిదే, ఒకరి ముందు చేతులు కట్టుకునే పని కాదు’ అని జవాబు రాశాడు.

చేరిన మొదటి రోజే మరమనిషి వీపు తలుపు తీసి చూశాను. మోటారు ఉంటుందనుకున్నాను. నూనె డబ్బాల రేకు, దానికి వెండి రంగు. రొమ్ము మీద రంగు బల్బులు. గొంతు దగ్గర పాత హార్మోనియం నుంచి తీసిన రీడు, దానికి ఊదే గొట్టం. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో, నాటకాల్లో వేషాలు వేసి మానుకున్న ఒక సన్నటి మనిషి కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. నన్ను చూసి, ‘మూసెయ్ అన్నా, గాలి ఎక్కువైతే అలవాటు తప్పిపోతాది’ అన్నాడు.

బుచ్చిరెడ్డిపాలెంలో ఆట నడుస్తుండగా అతనికి జ్వరం వచ్చి ఇంటికి వెళ్లిపోయాడు. యజమాని గుడారం ముందు అటూ ఇటూ తిరిగి, చివరికి నా దగ్గర ఆగాడు.

‘తంబీ, ఒక్కసారి దాంట్లోకి ఎక్కి చూడు.’

‘నేను కరెంటు పనికి వచ్చినాను.’

‘దాంట్లో మాత్రం ఉన్నది ఏంది తంబీ? కరెంటే గదా. వాడికి ఆ నడక నేర్పలేక నా ప్రాణం పోయింది. వంగొద్దురా అంటే వంగుతాడు, ఊగొద్దురా అంటే ఊగుతాడు. నీకు నేర్పే పనే లేదు. నువ్వు ఎప్పుడూ నడిచేటట్టు నడువు, అంతే.’

తరతరాలుగా మా ఇంట్లో మగవాళ్లు అభ్యాసం చేసిన నడక అది. ఆ రేకుల్లో సరిగ్గా ఇమిడిపోయింది. నేను ఒప్పుకోవడానికి కారణం కూడా చెప్పాలి. మిగతా ఏ పనిలోనైనా నా ముఖం కనబడుతుంది. ఇందులో కనబడదు.

లోపల నా గడ్డం దగ్గర రెండు చిన్న బల్బులు ఉండేవి. ఎర్రది వెలిగితే ఎడమకు తిరగాలి, పచ్చది వెలిగితే కుడికి, రెండూ వెలిగితే ముందుకు నడవాలి. బయట యజమాని ఒక పెట్టె పట్టుకుని మీటలు నొక్కుతుండేవాడు. ఆ మీటల నుంచి తీగ నా మడమ దాకా వచ్చేది. జనం ఆ తీగను చూసి నమ్మేవాళ్లు. మరమనిషి నోటికి కొట్టిన ఇనుప జాలీ సందులోంచి నాకు మనుషులు ముక్కలుగా కనబడేవాళ్లు. మాటలు మాత్రం స్పష్టంగా వినబడేవి.

‘లోపల మనిషి ఉండాడంట గదక్కా?’

‘మనిషే ఉంటే ఈ ఎండకి ఆ రేకులో ఉడికి చచ్చుండడా? తెలివి లేదే నీకు.’

‘అయితే మిషనేనంటావా?’

‘మిషనే. మనిషైతే ఇంతసేపు నోరు మూసుకొని ఉంటాడా? మీ మామ ఉంటాడా?’

కొందరు దగ్గరికి వచ్చి ప్రశ్నలు వేసేవాళ్లు. ‘ఏమప్పా మరమనిషీ, నీకు పెళ్లయిందా?’ నేను గొట్టంలో ఊది రీడు గొంతుతో ‘లే...దు’ అనేవాణ్ని. ‘అదృష్టవంతుడివిరా నాయనా’ అని వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. వాళ్లు నవ్వేది నా మీద కాదు, రేకు మీద. ఆ తేడా నాకు అవసరమైంది.

ఆ ఎండాకాలం ఎగ్జిబిషన్ మా ఊరి తిరునాళ్లకు వెళ్లాలని యజమాని నిర్ణయించాడు. ఆ ఊరు వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేదు. చెప్పకుండా వద్దంటే వినడానికి ఆయన నాకు బంధువు కాదు.

మైదానం అడగడానికి యజమానితో కలిసి పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ఊరి పెద్దలు కూర్చుని ఉన్నారు. మాట్లాడుతున్నది మొదటి తాంబూలం గురించి. అంతకు ముందు ఏడాది తిరునాళ్లలో ప్రెసిడెంటు తాలూకు మనుషులు పూజారికి అడ్డం పడ్డారని, చాలాసేపు పల్లకి లేవలేదని నాకు తెలుసు. మా నాయన ఆ మీటింగుకు రాలేదు. తన మర్యాద గురించి తానే వాదించుకోవడం ఆయనకు చేతకాదు. నేను లోపలికి వెళ్లకుండా గడప దగ్గర నిలబడ్డాను. నన్ను చూసి కూడా వాళ్లు మాట ఆపలేదు. మా ఇంటికి ఆ పాటి జంకు కూడా లేకుండా పోయిందని అప్పుడు తెలిసింది.

‘ఆ ఇంటికి ఇప్పుడు సెంటు నేల లేదు. ఏ లెక్కన ఇయ్యాల మొదటిది?’ అన్నాడు మిల్లులో గుమాస్తాగా ఉండే ఆయన.

పట్టపువాళ్ల పెద్ద ఒకాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ‘నేల పోతే ఇచ్చిన మాట గూడా పోతాదా? అమ్మోరు కూర్చున్నది ఎవురి నేలబ్బా?’

ప్రెసిడెంటు కుర్చీలో కాస్త వెనక్కి వాలాడు. ‘నాకిమ్మని నేను నోరు తెరిచి అడిగినానా? నేను అడగలా. ఊరు ఎట్టంటే అట్ట.’

‘నన్ను మాత్రం ఇయ్యమనొద్దు సామీ’ అన్నాడు పూజారి. ‘పోయినేడు ఇచ్చిన పాపానికి నా జుట్టు పట్టుకున్నారు. ఈయనకిస్తే వాళ్లకు కోపం, ఆయనకిస్తే వీళ్లకు కోపం. అమ్మోరి కోపం ఒక్కటే నేను పడగలిగింది.’

అప్పుడు మా యజమాని గొంతు సవరించుకున్నాడు. ఆయనకు కావలసింది మైదానం.

‘నా మిషన్ ఇస్తుంది సార్. దానికి కులం లేదు, పార్టీ లేదు, చుట్టం లేదు, పక్కం లేదు. ఇద్దరినీ నిలబెట్టండి. ఎవరి దిక్కు తిరిగితే వారికి.’

నవ్వారు. నవ్వడం అయిపోయాక ఎవరూ కాదనలేదు. ఒక పెద్దాయన చుట్ట ఆర్పి, ‘ఆ మాటా బాగానే ఉండాది’ అన్నాడు. ‘మనిషి ఇస్తే మనిషి మీద పగ పెట్టుకుంటారు. డబ్బా మీద ఎవురు పెట్టుకుంటారు? అమ్మోరికి ఎవురి మీద మనసుంటే ఆ పక్కకి దాని చెయ్యి తిప్పుకుంటాది.’

మా వాళ్లు అంతే. ఒకరి ముఖం మీద మరొకరు కాదని చెప్పలేరు. చెప్పవలసి వచ్చినప్పుడు చిలక చేత చీటీ తీయిస్తారు, బల్లి పలికిందంటారు. ఆ రోజు ఆ పని మరమనిషికి అప్పగించారు. పక్షపాతం లేనిది ఒక్కటైనా దొరికిందని నిజంగానే సంతోషపడ్డారు.

యజమాని ప్రెసిడెంటుతో జీపు దాకా నడిచి వెళ్లి, తిరిగి వచ్చి నాతో చెప్పాడు. ‘ఎడమకు తిరుగు తంబీ. ప్రెసిడెంటు ఎడమ పక్క ఉంటాడు. మనకు గ్రౌండు ఇచ్చేది ఆయన గదా.’

కుడి పక్క నిలబడేది ఎవరో ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లాను. సంగతి అప్పటికే వచ్చింది. మా నాయన గది మధ్యలో కూర్చుని ఉన్నాడు. అమ్మ గుమ్మం దగ్గర చింతపండు పిక్కలు తీస్తోంది.

‘మిషనంట గదా ఇచ్చేది’ అన్నాడు.

‘అవును నాయనా.’

‘నువ్వు చూసే మిషనేనా?’

‘అదే.’

‘దాన్ని ఎవురన్నా తమ దిక్కుకు తిప్పుకునేదానికి వీలుందా?’

ఆయనే అన్నాడు. ‘ఉండదులే. నువ్వు దగ్గరుంటావు గదా.’

అమ్మ తలెత్తి నన్ను చూసింది. నా మెడ మీద రేకు కోసిన గీతలు ఆమెకు కనబడే ఉంటాయి. మళ్లీ చింతపండు మీదికి వంగింది.

అప్పటి నుంచి తిరునాళ్ల దాకా నేను చేసింది ఒక్కటే పని. నిజమైన చేయి చేయాలనుకున్నాను. ఫోటోలో చూసిన చేతిలాంటిది. గొడుగు కమ్మీలు, సైకిలు చెయిన్లు, పాత గ్రామఫోను స్ప్రింగు, లారీ అద్దం తుడిచే మోటారు, వీటితో మోచేయి వంగే చేతిని తయారు చేశాను. అది పనిచేస్తే నేను రేకుల్లోకి వెళ్లనక్కర్లేదు. నా చొక్కా నేను వేసుకుని, ముఖం కనబడేలా, మా నాయన పక్కనే నిలబడవచ్చు. యంత్రం నిజంగా యంత్రమే అయితే అది ఎవరికిచ్చినా న్యాయమే. ఆయన వైపు తిరిగేలా పళ్ల చక్రం నేను ముందే బిగిస్తాను, అది వేరే సంగతి. దానిని నేను మోసం అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. ఆ తాంబూలం మాది.

ఆ చేయి తమలపాకుల కట్టను చక్కగా ఎత్తింది. వక్కలను ఎత్తింది. పళ్లెం పెట్టి కొబ్బరిచిప్ప వేస్తే సగం దాకా లేచి వణికింది. స్ప్రింగు గట్టిగా బిగిస్తే చెయిను పళ్ల మీద నుంచి జారింది. విప్పి మళ్లీ వేశాను. మా ఊరి గాలిలో ఉప్పు, ఆ ఉప్పులో సన్నటి ఇసుక. పొద్దున నూనె పోస్తే సాయంత్రానికి లంకెలు ఎర్రబడి బిగుసుకునేవి. చివరిసారి పళ్లెం కిందపడి కొబ్బరిచిప్ప దొర్లుకుంటూ రంగులరాట్నం కిందికి పోయింది.

యజమాని దాన్ని ఏరి తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. కోపం లేదు ఆయనలో. ‘వదిలెయ్ తంబీ. ఒకవేళ ఇది బాగా పనిచేసినా జనం నమ్మరు. నిజం మిషన్ మిషన్ మాదిరి ఉండదు. మనిషి మిషన్ మాదిరి చేస్తేనే మిషన్ అంటారు.’

ఆ తర్వాత జీవితంలో నేను చాలా యంత్రాలు చూశాను. ఆ మాట తప్పని చెప్పడానికి నాకు ఆధారం దొరకలేదు.

తిరునాళ్ల రోజు పొద్దు వాలుతుండగా నేను రేకుల్లోకి ఎక్కాను. లోపల పొద్దున్నుంచి ఎండకు కాగి ఉంది. వీపు తలుపు మూసి గడియ పెట్టారు. ఆ గడియ బయట వైపు ఉండేది. డప్పులు మోగుతుంటే రెండు బల్బులూ వెలిగాయి. నడిచాను. జనం రెండు పాయలుగా విడిపోతూ ఉండడం కింద కాళ్లను బట్టి తెలిసింది. పందిరి దగ్గర బల్బులు ఆరాయి. ఆగాను. పూజారి దగ్గరికి వచ్చి పళ్లెం నా రేకు చేతుల్లో పెట్టాడు. పెడుతూ లోగొంతుకతో, ‘అమ్మా, దీంట్లో నా తప్పేం లేదు’ అనుకున్నాడు.

జాలీలోంచి ఎడమ పక్క ప్రెసిడెంటు కనబడ్డాడు. చలువ చేసిన తెల్ల చొక్కా, మెడలో పులిగోరు. కుడి పక్క మా నాయన. ఉతికిన పంచె, మడత విప్పని ఉత్తరీయం ముంజేతి మీద. ఆయన జనాన్ని చూడడం లేదు, నన్నూ చూడడం లేదు. పల్లకి వైపు చూస్తున్నాడు, ప్రతి ఏడూ చూసినట్టే.

ఎర్ర బల్బు వెలిగింది.

నేను కుడికి తిరిగాను.

ఎర్ర బల్బు ఆరి మళ్లీ వెలిగింది. మళ్లీ మళ్లీ వెలిగింది. నేను రెండడుగులు వేసి మా నాయన ముందు ఆగి చేతులు చాచాను. జనంలో ‘అయ్యకే ఇచ్చింది, అయ్యకే’ అన్న మాట వెనక్కి వెనక్కి పాకింది. పట్టపువాళ్లలో ఎవరో గట్టిగా, ‘అమ్మోరు మరిచిపోలేదబ్బా’ అన్నారు. మా నాయన ఉత్తరీయం మడత విప్పాడు. రెండు చేతుల మీద పరిచాడు. నా ఊపిరి జాలీకి తగిలి నా ముఖం మీదికే వస్తోంది. ఉత్తరీయం పళ్లెం కిందికి జానెడు దూరం దాకా వచ్చింది.

అప్పుడు ఆయన తలెత్తి, మొదటిసారి ఆ రేకు ముఖాన్ని దగ్గరగా చూశాడు. గాజు కళ్లు, రంగు వేసిన నోరు. చేతులు అక్కడే ఆగిపోయాయి.

‘దీనికి నేనెవరో తెలుసునా?’ అన్నాడు.

వెటకారం కాదు. తెలుసుకోవాలనే అడిగాడు. మా యజమాని చెమట తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. ‘అడగండి సార్. జవాబు చెప్తుంది.’

మా నాయన నన్నే అడిగాడు. ‘నేనెవరు?’

గొట్టం నా పెదాల దగ్గరే ఉంది. మా ఇంట్లో కొడుకులు తండ్రి పేరు నోటితో పలకరు. బడిలో అడిగితే పలక మీద రాసి చూపించేవాణ్ని, ఆఫీసుల్లో అడిగితే పక్కనున్నవాళ్లు చెప్పేవాళ్లు. పుట్టినప్పటి నుంచి ఆ పేరు నా నోట్లోంచి రాలేదు. ఆయనకు నా నోట్లో ఉన్నది ‘నాయనా’ అన్న ఒకటే మాట. ఆ మాట రీడు గొంతుతో వచ్చినా ఆయన గుర్తుపడతాడు. ఊరందరి ముందు, ఏ చేతులు చాచగూడదని నేర్పాడో ఆ చేతులు డబ్బాలోంచి చాచినవాడు తన కొడుకని ఆయనకు తెలుస్తుంది. ఇంటిపేరు చెప్పి ఉండవచ్చునని చాలా రోజుల తర్వాత తోచింది. అప్పుడు తోచలేదు. పేరు మీదా ఆ మాట మీదా నాలుక అటూ ఇటూ కొట్టుకుని ఆగిపోయింది.

ఆయన కొంతసేపు ఎదురు చూశాడు. ఆయన అంత ఓపికగా ఒకరి జవాబు కోసం నిలబడడం నేను అంతకుముందు చూడలేదు.

‘తెలియదు’ అన్నాడు చివరికి. ‘తాంబూలమంటే ఇచ్చేవాడు తీసుకునేవాణ్ని ఎరిగి ఇచ్చేది. నన్నెరగని చేతి నుంచి నేనెట్ట తీసుకునేది?’

ఉత్తరీయాన్ని మళ్లీ మడత పెట్టి ముంజేతి మీద వేసుకున్నాడు. పట్టపువాళ్ల పెద్ద దగ్గరికి వచ్చి బతిమాలాడు. ‘తీసుకోండయ్యా, మీదే గదా. అమ్మోరే తిప్పింది గదా.’

‘అమ్మవారు ఇయ్యాలంటే మనుషులు లేరా?’ అన్నాడు మా నాయన.

పూజారి నేల చూస్తున్నాడు. ఆ మాటతో ఎవరైనా ముందుకు వచ్చి, పళ్లెం నా చేతుల్లోంచి తీసి ఆయనకు ఇస్తారనుకున్నాను. మనిషి ఇస్తే ఆయన తీసుకునేవాడు. అంత జనంలో ఒక్కరు చాలు. నేను జాలీలోంచి కాళ్లను చూస్తూ నిలబడ్డాను. ఏ కాలూ కదలలేదు.

కదిలింది మా యజమాని. ‘వోల్టేజీ తక్కువ సార్, వోల్టేజీ’ అని జనానికి వినబడేలా అన్నాడు. ‘మిషన్ ఈ పక్కకు తిరగాల్సింది, పొరపాటున ఆ పక్కకు పోయింది.’ నా మోచేయి పట్టుకుని, బండిని తిప్పినట్టు నన్ను ఎడమకు తిప్పాడు. నేను తిరిగాను. ప్రెసిడెంటు ఒక చేత్తో పళ్లెం అంచు పట్టుకుని తీసుకుని, కొబ్బరిచిప్ప పక్కనున్నవాడికి అందించాడు. డప్పులు మోగాయి. పల్లకి లేచింది. జనమంతా సముద్రం వైపు సాగారు. వీపు గడియ తీయడానికి ఎవరూ మిగలలేదు. వాళ్లు తిరిగి వచ్చేదాకా ఖాళీ పందిట్లో చేతులు దించకుండా నిలబడ్డాను. దించవచ్చు. చూసేవాళ్లు లేరు. కానీ దించలేదు.

ఇంటికి వెళ్లేసరికి మా నాయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. నా కోసం ఆగారట. నాకూ వడ్డించింది అమ్మ. చేపల పులుసు అన్నం కలిపిందే కలుపుతూ కూర్చున్నాను. ఆయన మాత్రం మామూలుగానే తిన్నాడు. మజ్జిగ పోసుకున్న తర్వాత అడిగాడు.

‘అది ముందు నా దిక్కే తిరిగింది. చూసినావా?’

‘చూసినాను.’

‘ఆ మద్రాసాయన అన్నాడే, వోల్టేజీ అని. నువ్వు ఆ పని తెలిసినోడివి గదా. నిజమేనా?’

ఆయన అడుగుతున్నది నాకు అర్థమైంది. లోకంలో ఒక్క వస్తువైనా, పక్షపాతం లేనిదని ఊరంతా నమ్మినది, తనంతట తాను ఆయన వైపు తిరిగిందా లేదా అని అడుగుతున్నాడు. లేదు, అది పొరపాటు కాదు అంటే, ఎలా తెలుసు అంటాడు. ఆ తర్వాతి ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు ఉంది, అది ఆయన వినకూడనిది. అమ్మ చేతిలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నా వైపు చూడలేదు.

‘నిజమే నాయనా’ అన్నాను. ‘జనరేటరు సరిగా లాగలా. వోల్టేజీ తగ్గింది.’

ఆయన తల ఊపాడు. మజ్జిగన్నం చివరి ముద్ద దాకా తిని, చేయి కడుక్కోవడానికి లేచాడు. లేచేటప్పుడు ఎడమ చేత్తో గోడ పట్టుకున్నాడు.

‘అదే అనుకున్నా’ అన్నాడు.